ముందు పేషెంటుకి చెప్పాలి

పశువుల డాక్టరు గారికి ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఆవు కడుపులో ఏముందో ముందు ఆవుకే చెప్పేవారు.

స్కానింగు అయ్యాక భుజం దాకా ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి, చేతులు కడుక్కుని, తీరిగ్గా తుడుచుకుని, ఆవు తల దగ్గరికి నడిచేవారు. దాని చెవి రెండు వేళ్ళతో సుతారంగా పైకెత్తి అందులో గుసగుసలాడేవారు. ఆ గుసగుస ఒక్కోసారి తుమ్మంత, ఒక్కోసారి రైలంత. అది పూర్తయ్యేదాకా ఆవు తాలూకు జనమంతా పాక బయట, పరీక్ష ఫలితాల బోర్డు ముందు పిల్లల్లా మెడలు చాచుకుని నిలబడాల్సిందే.

ఎవరైనా ఉండబట్టలేక, "డాక్టరు గారూ, చూడి కట్టిందా లేదా, ఒక్క ముక్క చెప్పండి" అంటే ఆయన కళ్ళజోడు పైనుంచి చూసేవారు.

"పరాయి ఆడదాని కడుపు సంగతి పదిమందిలో అరిచి చెప్పమంటారా? ముందు పేషెంటుకి చెప్పాలి."

"అది ఆవండీ."

"నేను ఎద్దన్నానా?"

ఇలా ఆయనకి గుసగుసల డాక్టరని పేరొచ్చింది. ఆ పేరు ఆయన చెవిన మాత్రం ఎప్పుడూ పడలేదు. దాన్ని కూడా అందరూ గుసగుసగానే అనేవాళ్ళు మరి.

ఈ జబ్బువల్ల ఆవులకంటే, ఆవుల యజమానులకంటే ఎక్కువ అవస్థ పడినవాడు ఆయన బావమరిది. అతనిది జీవితమంతా ఫోటోల వృత్తి. వీధి మలుపులో చిన్న స్టూడియో ఉండేది. నీలం తెర, రెండు గొడుగు దీపాలు, పసిపిల్లల్ని నవ్వించడానికి ఒక కిచకిచలాడే రబ్బరు బాతు. అందరి జేబుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చిపడ్డాక, ఆ నీలం తెర ముందు అతనూ బాతూ తప్ప ఇంకెవరూ కూర్చోని రోజులొచ్చాయి. అప్పుడొకనాడు అతని అక్క, అంటే డాక్టరు గారి భార్య, భోజనాల దగ్గర మాట కదిపింది.

"మీ మెషీను మోయడానికి మనిషి కావాలన్నారుగా. మా తమ్ముడు ఖాళీగానే ఉన్నాడు."

"మీవాడికి పశువులంటే భయం కదే."

"మెషీనంటే భయం లేదుగా. అదీ ఫోటోలు తీసేదేగా."

ఆ విధంగా స్టూడియో మూసేసిన వారానికే బావమరిది మెడలో స్కానింగు మెషీను వేలాడింది. డాక్టరు గారు తొడుగేసుకుని, మెషీను వైరు చివరుండే చిన్న ప్రోబు అరచేతిలో పట్టుకుని, ఆవు వెనక నుంచి చెయ్యి లోపలికి పోనిస్తే, గర్భసంచీ అండాశయాలూ బావమరిది రొమ్ము మీదున్న తెరలో మబ్బుల్లా కదిలేవి. అతని పని ఆ తెరను బావ కళ్ళకి ఎదురుగా పట్టుకోవడం. కానీ పాత అలవాటు ఊరుకుంటుందా.

"తల కొంచెం ఎత్తమ్మా. ఆఁ, అలాగే. కదలకూడదు."

"ఒరేయ్, నేను తీసేది ముఖం కాదు."

అక్కడిదాకా బాగానే ఉంది. అసలు చిక్కు తువాలుతో వచ్చింది. పేషెంటు రహస్యం బయటికి పొక్కకూడదని డాక్టరు గారు ఒక గులాబీరంగు తువాలు వెంట తెచ్చుకునేవారు. స్కానింగు మొదలవగానే దాన్ని తెర మీదా, తమ ఇద్దరి తలల మీదా కప్పేవారు. దూరం నుంచి చూసేవాళ్ళకి బావా బావమరిదీ కలిసి ఆవు తోక కింద ఆవిరి పట్టుకుంటున్నట్టు ఉండేది.

ఫోటో అంటే నలుగురికీ చూపించడానికే పుట్టిందని నమ్మినవాడు బావమరిది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. అలాంటివాడు లేగదూడ గుండె టిక్కుటిక్కుమని కొట్టుకోవడం కళ్ళారా చూసి, తువాలు కిందనుంచి బయటికొచ్చి, మొహం గోడలా పెట్టుకుని నిలబడాలి. దానికంటే ఆవు తన్నితే నయమనిపించేది. తన్నేది కూడా.

డాక్టరు గారి జబ్బులో రెండో సగం ఇంకా విచిత్రం. ఆవుకి చెప్పడం అయ్యాక ఆయన యజమానికి చెప్పేవారు కాదు.

"గడ్డి వేసేదెవరు?" అని అడిగేవారు.

ఒకింట్లో ఇంటాయన ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "యజమానిని నేనండి."

"అది నేనడగలేదు. గడ్డి వేసేదెవరు?"

ఆయన వెనక్కి చూశాడు. ఆయన భార్య తన వెనక్కి చూసింది. అందరికంటే వెనక, తలుపుచాటున, చేతికి కుడితి అంటుకుని ఉన్న కోడలు నిలబడి ఉంది. డాక్టరు గారు ఆమెని పక్కకి పిలిచి తగ్గు గొంతుతో చెప్పారు. ఆవు గొడ్డుపోలేదు. అండాశయం మీద నీటి తిత్తి లేచి ఎదకి అడ్డం పడుతోంది. సూదిమందుతో పోతుంది. కొన్నాళ్ళు దాన్ని అదిలించకుండా, బెదిరించకుండా చూసుకోవాలి.

జీపు కదిలేటప్పటికి లోపలినుంచి అత్తగారి గొంతు వినిపిస్తోంది. "ఏమన్నాడే ఆ డాక్టరు?"

"అది ఆవు సంగతి అత్తయ్యా. కొన్నాళ్ళపాటు ఈ పాకలో ఎవరూ గొంతు పెంచకూడదట."

"పాకలోనేగా."

"పాకకీ వంటింటికీ మధ్య ఒక్క తడికే కదా అత్తయ్యా."

బావమరిదికి నవ్వొచ్చింది గానీ, పక్కకి చూస్తే బావ మొహంలో ఏమీ లేదు. కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారు.

ఇంకో ఇంట్లో గడ్డి వేసేది నేనంటే నేనని ముగ్గురు చేతులెత్తారు. ఇంటాయన, తమ్ముడు, తమ్ముడి కొడుకు. డాక్టరు గారు ముగ్గుర్నీ కాసేపు చూసి, "పలుపు విప్పండి" అన్నారు. విప్పారు. ఆవు ముగ్గురి మధ్యనుంచీ, ముగ్గురినీ చూడకుండా, తిన్నగా ప్రహరీగోడ దగ్గరికి పోయి గోడ అవతలికి తల చాచింది. అవతల ఒక పొట్టి పెద్దాయన చేతిలో కూరగాయల తొక్కలున్న గిన్నెతో, దొరికిపోయిన దొంగలా నిలబడి ఉన్నాడు.

ఆ గోడ తగాదాతో రెండిళ్ళకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. డాక్టరు గారికి ఇవేవీ పట్టలేదు. గోడ మీదనుంచి వంగి ఆ పొట్టాయన చెవిలో సంగతంతా చెప్పి, జీపెక్కి కూర్చున్నారు.

"డాక్టరు గారూ, నా ఆవు సంగతి నేను పక్కింటివాణ్ణి అడగాలా?" అన్నాడు ఇంటాయన.

"అడిగితే చెప్తాడు. మంచివాడిలాగే ఉన్నాడు."

ఆ ఆవు ఈనేటప్పటికి గోడలో ఒక మనిషి పట్టేంత సందు పడిందని తర్వాత తెలిసింది. కూలిందో కూల్చారో మాత్రం ఇద్దరూ చెప్పలేదు.

"బావా, ఇలాగైతే మనల్ని పిలిచేవాళ్ళుంటారా?" అని బావమరిది ఎన్నోసార్లు అడిగాడు. ఒకటే జవాబు. "పేషెంట్లెవరూ ఫిర్యాదు చెయ్యలేదురా."

అంతెందుకు, సొంతింట్లోనూ అదే తంతు. ఒకసారి అక్కకి కడుపులో పోట్లొచ్చాయి. ఏదో పెద్దదే అయివుంటుందని బెంగపెట్టుకుని తిండి మానేసింది. ఆసుపత్రిలో స్కానింగు తీశారు. అక్కడి డాక్టరు కాగితం పట్టుకుని నోరు తెరిచేలోపు ఈయన చెయ్యి అడ్డంపెట్టి, కాగితం తీసుకుని చదివి, భార్య పక్కన కూర్చుని, ఆవిడ చెవి మీద పడిన జుట్టు పక్కకి తీసి గుసగుసలాడారు. అక్కడి నర్సులు సిగ్గుపడి తలలు తిప్పుకున్నారు.

బావమరిది గుమ్మంలో నిలబడి చెప్పులు అరగదీశాడు. అక్క బయటికి రాగానే ఎదురెళ్ళాడు. "ఏమన్నారక్కా?"

"పిత్తాశయంలో రాయట. కందిగింజంత."

"అది కాగితంలో ఉంది. బావ చెవిలో ఏమన్నారు?"

"అది నీకెందుకురా. ఇంట్లో తినడానికేమైనా ఉందా?"

అందువల్ల గుర్రపుశాల నుంచి పిలుపొచ్చినప్పుడు అక్కకే ముందు భయం పట్టుకుంది. అది మామూలు చోటు కాదు. వరసగా గదులు, గది గదికీ ఒక ఆడగుర్రం, నేలంతా మెత్తటి రంపప్పొట్టు. మొదటిదాన్ని చూపించుకుని, నచ్చితే మిగతావాటినీ ఈయనకే అప్పజెబుతామన్నారు.

"ఒరేయ్ తమ్ముడూ, ఆయన్ని దాని చెవిదాకా పోనివ్వకు. అది పెద్దింటి గుర్రం."

"ఆ ఎత్తుకి ఆయన చెయ్యి అందదులే అక్కా."

"స్టూలు అడుగుతారు. నాకు తెలుసు."

వాళ్ళు చూడాల్సింది గోధుమరంగు ఆడగుర్రం. నుదుట తెల్లమచ్చ. ఒకప్పుడు పందేల్లో దూసుకుపోయి గెలిచిన కాళ్ళు, ఇప్పుడు కాస్త బరువెక్కాయి. వరసగా రెండేళ్ళు జత కట్టించినా చూడి నిలవలేదు. దాన్ని చూసుకునే మనిషి ఒకడున్నాడు. మాటలు తక్కువ, ఈల ఎక్కువ. తిండికో ఈల, స్నానానికో ఈల, నిద్రకో ఈల. అందరూ ఈలాయన అనేవాళ్ళు. గుర్రాన్ని కర్రల చట్రంలో నిలబెడుతూ సన్నగా ఈలేస్తూనే, మధ్యలో ఆపి బావమరిదితో అన్నాడు.

"బయట బండి చూశారా?"

చూశాడు. వెనక తలుపు తెరిచిపెట్టిన బండి. దాని పక్కన యజమానితో నవ్వుతూ మాట్లాడుతున్న బేరగాడు.

"ఈసారీ లేదంటే ఇవాళే ఎక్కించేస్తారండి. పిల్లప్పట్నుంచీ నా చేతిమీద పెరిగింది. ఆ బండెక్కిన గుర్రాన్ని మళ్ళీ కళ్ళతో చూసినవాడు లేడు."

బావమరిది మెడలో మెషీను సర్దుకున్నాడు. తువాలు కిందికి దూరాడు.

తెరమీద బూడిదరంగు మబ్బులు. వాటిమధ్య నల్లగా, గుండ్రంగా, గోళీలాంటి చుక్క. బావ చెయ్యి కొంచెం జరిగింది. ఇంకో నల్లగోళీ.

"రెండా బావా?"

"నోరు ముయ్యి. చూడనీ."

డాక్టరు గారు చాలాసేపు చూశారు. "ఊఁ" అన్నారు. బొమ్మని నిలబెట్టించి, కాగితం మీదికి ఒక ఫోటో తీయించి, తొడుగు ఊడదీసుకుంటూ శాల చివరి కుళాయి దగ్గరికి నడిచారు.

ఫోటో బావమరిది చేతిలో ఉంది. వెచ్చగా ఉంది. అవతల బండి తలుపు తెరిచి ఉంది. ఇవతల ఈలాయన కళ్ళు అతని మొహాన్ని తవ్వేస్తున్నాయి. బావ చేతులు కడుక్కోవడమంటే చిన్న విషయం కాదు, ఈలోపు బేరగాడు తాడు తీసుకుని వచ్చేస్తే? ఒక్క మాట చెబితే ఆ బండి వెళ్ళిపోతుందిగా. మంచి మాటేగా. మంచి మాటకి రహస్యమేమిటి?

అతను బయటికి నడిచి ఫోటో పైకెత్తి పట్టుకున్నాడు.

"శుభవార్తండీ. ఒకటి కాదు, రెండు. కవలలు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. యజమాని మొహం తడిగుడ్డలా వేలాడింది. నవ్వింది బేరగాడొక్కడే.

"కవలలా?" అన్నాడు యజమాని.

"జంటండీ. మీరు నక్కతోక తొక్కారు."

"మేకకైతే తొక్కినట్టే. గుర్రం ఇద్దర్ని మొయ్యలేదయ్యా. సగంలో రెండూ పోతాయి. ఒక్కోసారి తల్లీ పోతుంది." ఆయన బేరగాడివైపు తిరిగాడు. "నేనింక ఎదురుచూడలేను. తోలుకుపో."

లోపల ఈల ఆగిపోయింది.

బావమరిది కాళ్ళకింద నేల రంపప్పొట్టయింది. ఆ బండిని పంపించెయ్యాలని వచ్చి, గుర్రాన్ని తనే చేయిపట్టుకుని ఎక్కించినట్టయింది. బేరగాడు తాడు విసురుకుంటూ లోపలికి నడుస్తుంటే, తడిచేతులతో డాక్టరు గారు ఎదురొచ్చారు.

"ఎక్కడికి?"

"బేరమైపోయిందండి."

"ఎలా అవుతుంది? ఇంకా పేషెంటుకి చెప్పలేదు."

యజమాని వచ్చాడు. "మీ మనిషి మాకు చెప్పాడుగా డాక్టరు గారూ."

డాక్టరు గారు బావమరిదివైపు చూశారు. తిట్టలేదు. అది మరీ ఘోరంగా ఉంది. "మావాడు ఫోటోలు తీసేవాడండి. పెళ్ళిఫోటోలో రెండు తలకాయలు కనిపిస్తే ఇద్దరూ పెళ్ళికొడుకులే అంటాడు. తోడుపెళ్ళికొడుకని ఒకడుంటాడని వాడికి తట్టదు."

"అంటే?"

"జత కట్టించి రెండు వారాలేగా. ఇప్పుడు పిల్లంటే ఒక నీటిచుక్క. వయసు మీదపడ్డ గర్భసంచిలో తిత్తులు లేస్తాయి, అవీ నీటిచుక్కలే. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఈ వయసు పిల్ల ఒక్కచోట కూర్చోదు, సంచంతా దొర్లుతూ తిరుగుతుంది. తిత్తి పుట్టినచోటే ఉంటుంది. కాసేపాగి మళ్ళీ చూస్తాను. చోటు మారింది పిల్ల, మారనిది తిత్తి."

"రెండూ కదిలితే?"

"ఇంత తొందరగా తెలిస్తే ఒకదాన్ని తీసేసి ఒకదాన్ని నిలబెట్టడం నాకు వచ్చు."

"రెండూ కదలకపోతే?"

డాక్టరు గారు తడిచేతులు తువాలుతో తుడుచుకున్నారు. ఈలాయన నేలమీది పొట్టు కాలితో సర్దుతూ ఉండిపోయాడు.

"నాకు టైము లేదండీ" అన్నాడు బేరగాడు.

"మీరు పేషెంటు కాదు కదా. మీకు చెప్పేదేమీ లేదు. వెళ్ళిరండి."

బేరగాడు వెళ్ళలేదు. బండిమెట్టు మీద కూర్చున్నాడు. యజమాని శాల ముందు అటూ ఇటూ తిరిగాడు. బావమరిది దాణా బస్తా మీద, ఆ బస్తాలోకే దూరిపోదామన్నట్టు ముడుచుకుని కూర్చున్నాడు. డాక్టరు గారు వచ్చి పక్కన చేరారు.

"బావా, నేను మంచికే చెప్పాను."

"తెలుసురా."

"మీరైనా ఒక్క మాట చెప్పుంటే..."

డాక్టరు గారు తువాలు మడతపెట్టారు. మళ్ళీ విప్పారు. "వార్త ముందు ఎవరి చెవిలో పడిందన్నదే లెక్కరా. పెంచిన మనిషి చెవిలో పడిందనుకో, దారి వెతుకుతాడు. మందేమిటి, మేతేమిటి, ఎన్నాళ్ళు ఆగాలి అని నన్ను పీక్కుతింటాడు. కొన్నవాడి చెవిలో పడితే, బండి వెతుకుతాడు."

బావమరిది కళ్ళముందు కుడితి చేతుల కోడలు కదిలింది. తొక్కల గిన్నెతో పొట్టాయన కదిలాడు. ఇన్నాళ్ళూ ఈ మనిషికి పిచ్చి అనుకుంటూ తను మోసింది మెషీను ఒక్కదాన్నే.

"మరి ఆవుకి చెప్పడమెందుకు బావా?"

"నేను దానితో మాట్లాడుతున్నంతసేపూ బయటివాళ్ళు ఆగుతారు కదా. ఆగితే కోపం ఒక మెట్టు దిగుతుంది." తువాలు భుజాన వేసుకున్నారు. "అయినా దానికి మాత్రం చెప్పొద్దా? కడుపు దానిదేగా."

మళ్ళీ తొడుగు. మళ్ళీ తువాలు. మొదటి నల్లగోళీ ఎక్కడుందో అక్కడే ఉంది, మొండిగా. బావ చెయ్యి రెండోదాని చోటికి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఖాళీ మబ్బు. చెయ్యి ఇంకా ముందుకి, ఇంకా పక్కకి, రెండు కొమ్ములుగా చీలే ఆ సంచిలో రెండో కొమ్ము దాకా పోయింది. అక్కడ, ఎవరో తరిమినట్టు వచ్చి, గుండ్రంగా, బుద్ధిగా కూర్చుని ఉంది నల్లగోళీ.

బావమరిది అరవలేదు. తువాలు అంచు నోట్లో కుక్కుకుని, బొమ్మని నిలబెట్టి కాగితం మీదికి కొత్త ఫోటో తీశాడు.

డాక్టరు గారు చేతులు కడుక్కుని వచ్చారు. గుర్రం తలవైపు నడిచారు. పైకి చూశారు. చెయ్యి చాచారు. మునివేళ్ళమీద లేచారు.

"ఒక స్టూలు ఉంటుందాండీ?"

స్టూలు వచ్చింది. మూడుకాళ్ళది, మూడూ మూడు పొడుగులు. దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి కావాల్సొచ్చింది. అలా, ఇన్నేళ్ళలో మొదటిసారి, పేషెంటు చెవికి కూతవేటు దూరంలో కాదు, మూరెడు దూరంలో బావమరిది చెవి ఉంది.

డాక్టరు గారు గుర్రం చెవి మెల్లగా వంచారు. అందులో తిత్తి మాట లేదు. పిండం మాట లేదు. ఒక్క డాక్టరు ముక్క లేదు.

"భయపడకమ్మా. చెప్పాల్సినవాళ్ళకి నేను చెప్పుకుంటాను. నువ్వు మాత్రం తిండి మానకు."

స్టూలు పట్టుకున్న బావమరిదికి ఆసుపత్రి గుమ్మం గుర్తొచ్చింది. ఇంట్లో తినడానికేమైనా ఉందా అన్న అక్క మొహం గుర్తొచ్చింది. స్టూలు కొంచెం ఊగింది.

"సరిగ్గా పట్టుకోరా. పడతాను."

తర్వాత డాక్టరు గారు ఈలాయన్ని పక్కకి పిలిచి చెవిలో చెప్పారు. యజమానికి వేరే చెప్పాల్సిన పని పడలేదు. లోపలినుంచి ఈల వినిపించింది. ముందు తడబడి, తర్వాత గొంతు సవరించుకుని, పైకప్పు రేకులు అదిరేలా. మిగతా గదుల్లో గుర్రాలన్నీ మేత వేళయిందనుకుని తలలు బయటపెట్టాయి.

"రెండు వారాలకి మళ్ళీ చూడాలండి. ఈ మధ్యలో ఏదైనా జరగొచ్చు. కానీ ఇవాళ్టికి ఒకటుంది, ఒకటే ఉంది" అన్నారు డాక్టరు గారు.

యజమాని బయటి బండివైపు తిరిగాడు. బండిమెట్టు మీదున్న మనిషిని, "నువ్వు పోవయ్యా, ఇంకా ఏం చూస్తున్నావు" అని కసిరాడు. తర్వాత గొంతు సర్దుకున్నాడు. "మిగతావాటినీ మీరే చూడండి డాక్టరు గారూ. గట్టి స్టూలొకటి చేయిస్తాను." బావమరిదివైపు తిరిగాడు. "ఏదయ్యా, కొత్తగా తీసిన ఫోటో ఇలా ఇవ్వు. నా గదిలో పెట్టుకుంటాను."

స్టూడియో మూసేశాక అతన్ని ఒకరు ఫోటో అడగడం అదే మొదలు. బావమరిది దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒక అడుగు ముందుకేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"క్షమించాలండి. ముందు పేషెంటుకి చూపించాలి."

గుర్రం ముందుకెళ్ళి, ఫోటో దాని కళ్ళకి ఎదురుగా, వెలుతురు సరిగ్గా పడేలా పట్టుకున్నాడు. గుర్రం చూసింది. వాసన చూసింది. పెదవులు చాచి, అందుకుని, ఒక మూలనుంచి మొదలుపెట్టి శ్రద్ధగా నమిలి మింగేసింది.

యజమాని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఈలాయన ఈల మధ్యలో నవ్వొచ్చి గాలి మిగిలింది. డాక్టరు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఏంట్రా ఇది?"

"నన్నంటారేం బావా," అన్నాడు బావమరిది. "తిండి మానొద్దని చెప్పింది మీరేగా."